కంప వేసిన వాకిట్లో క్లెయిము విచారణ

బీమా ఉద్యోగంలో చేరబోయే కుర్రవాళ్ళు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. దేశ ఆర్థిక వ్యవస్థను నిలకడగా ఉంచేది బీమాయేనని వాళ్ళకు శిక్షణలో చెప్పారట. ఆ మాట నా నోటి నుంచి కూడా వినాలని వాళ్ళ ఆశ. నేను ఔననను, కాదనను. నిలబెట్టింది ఎవరిని, నిలబడింది ఎవరి డబ్బు మీద అని మాత్రం అడుగుతాను. దాంతో సగం మంది టీ తాగి వెళ్ళిపోతారు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న సంవత్సరాల్లో నేను మదనపల్లె బ్రాంచిలో క్లెయిములు విచారించే ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కంపెనీ మద్రాసుది. పేరు చెప్పను. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, దాని డైరెక్టర్ల మనవళ్ళు మాత్రం బాగానే ఉన్నారు.

అనుమానానికి జీతం

మనిషి పోయాడని కబురు వస్తే, నిజంగానే పోయాడా, పోయినవాడూ పాలసీ తీసుకున్నవాడూ ఒకడేనా, జబ్బు దాచిపెట్టి సంతకం చేశాడా అని తేల్చుకొని రావడం నా పని. అది నాకు బాగా సరిపోయింది. నేను సభల్లో, వాదాల్లో పెరిగినవాడిని. శకునాల మీద, జాతకాల మీద మాట్లాడి కొన్ని ఊళ్ళలో రాళ్ళు కూడా వేయించుకున్నాను. ‘నీకెలా తెలుసు?’ అని అడగడానికి జీతం ఇచ్చే ఉద్యోగం ఇంకొకటి ఉంటుందని నేను అనుకోలేదు.

కానీ అనుమానానికి ఒక నీతి ఉండాలి. అది అన్ని వైపులకూ సమానంగా పోవాలి. మా కంపెనీ అనుమానం ఎప్పుడూ కిందివైపుకే పోయేది. ప్రీమియం కట్టేవాడిని అనుమానించమని మాకు నేర్పారు. ఆ డబ్బు చేరిన చోటును గురించి అడిగితే, మనకెందుకులే అనేవారు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మదనపల్లె గాలి పొడిగా ఉంటుంది. క్షయ రోగులకు మంచిదని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఊళ్ళో ఇళ్ళు అద్దెకు తీసుకునేవారు. అందువల్ల మదనపల్లె అన్న పేరు కంటపడితే చాలు, మద్రాసు ఆఫీసుకు దగ్గు వినిపించేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పే దేవదానం అనే ఉపాధ్యాయుడు పాలసీకి దరఖాస్తు పెట్టాడు. బలమైన మనిషి. ఆదివారం ప్రార్థనలో ఆయన పాడితే వీధి చివరికి వినపడేది. దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆయన కొన్నాళ్ళు నిమ్మనపల్లెలో అత్తవారింట ఉండి, అక్కడి నుంచి మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. వెంటనే మంజూరైంది. ఊపిరితిత్తులు అవే. తపాలా ముద్ర మారింది, అంతే.

ఊరి పేరు చూసి భయపడే ఆఫీసుకు, పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగే రైతుకు తేడా ఏమిటని మా మేనేజరును అడిగాను. ఒకటి మూఢనమ్మకమనీ రెండోది అనుభవమనీ ఆయన చెప్పారు. ఏది ఏదో మాత్రం చెప్పలేదు.

మేనేజరు ఉపన్యాసం

ఆయన పేరు శేషగిరి గారు. చిత్తూరు వైపు మనిషి. మంచి వక్త. గ్రంథాలయంలో సభ పెట్టి, ఇంటిపెద్ద పోతే ఆ ఇల్లు కూలకుండా ఆపేది బీమా అనీ, ఇళ్ళు నిలిస్తే ఊరు, ఊళ్ళు నిలిస్తే దేశం నిలుస్తుందనీ చెప్పేవారు. ప్రతి పాలసీ స్వదేశానికి చేసే సేవ అనేవారు. వ్యాపారులు చప్పట్లు కొట్టేవారు.

ఆ మాటల్లో తప్పు లేదు. ఒక్కడి మీద పడే దెబ్బను వేలమంది తలా కొంచెం పంచుకుంటే ఎవరి నడుమూ విరగదు. అందరి దగ్గరా కొంచెం కొంచెం పోగైన డబ్బు ఒకచోట చేరితే, ప్రభుత్వం దాన్ని అప్పుగా తీసుకొని కాలువలు తవ్వవచ్చు, పరిశ్రమలు పెట్టవచ్చు. కరువు వచ్చినా, యుద్ధం వచ్చినా ఆ డబ్బు ఒక అడ్డుకట్ట. ఇది లెక్క ప్రకారం నిజం. ఇందులో దేవుడి ప్రమేయం లేదు కాబట్టి నాకు మరీ నచ్చింది.

అయితే మా కంపెనీ డబ్బు డైరెక్టర్ల సొంత మిల్లులోకి పోతోందని మద్రాసు నుంచి వచ్చిన ప్రతివాడూ చెవిలో చెప్పేవాడు. రుజువు ఎవరూ చూపలేదు. రుజువు లేనిదాన్ని నేను అనుమానమనే అంటాను. కానీ ఒకటి నాకు స్వయంగా తెలుసు. క్లెయిముల విషయంలో తొందరపడవద్దని మాకు పైనుంచి నోటిమాటగా ఆదేశం ఉండేది. ప్రీమియం విషయంలో అలాంటి ఓపిక మేము ఎన్నడూ చూపలేదు.

పుంగనూరులో మూసిన ఇల్లు

కదిరెప్ప పుంగనూరులో కంబళ్ళ వ్యాపారి. కురబలకోట వైపు గొర్రెల కాపరుల దగ్గర ఉన్ని కొని, చుట్టుపక్కల నేతగాళ్ళకు ముందుగా ఇచ్చి, నేసిన కంబళ్ళను తానే కొనేవాడు. యుద్ధం వల్ల కంబళ్ళకు గిరాకీ పెరిగింది. పటాలానికి సరుకు చేర్చే కాంట్రాక్టరు మనుషులు కూడా ఊళ్ళోకి దిగారు. వాళ్ళూ ఉన్ని ఇస్తారు, కానీ మగ్గాన్ని తమ పేర రాయించుకుంటారు. ఆ పైన నేతగాడు తన మగ్గం మీద తానే కూలివాడు. కదిరెప్ప ఉన్నన్నాళ్ళు వాళ్ళ ఆట సాగలేదు.

అలాంటి కదిరెప్ప జ్వరంతో పోయాడు. పాలసీ తీసుకొని రెండేళ్ళు నిండలేదు. రెండేళ్ళు నిండని పాలసీ అంటే మా ఆఫీసులో అందరి కనుబొమలూ లేచేవి. అలాంటి క్లెయిముకు మా కంపెనీ పెట్టిన నిబంధన ఇది: విచారణ చనిపోయినవాడి ఇంట్లోనే జరగాలి, డబ్బు అడిగేవాళ్ళు ఆ ఇంట్లో హాజరు కావాలి, మేనేజరు స్వయంగా చూసి సంతకం పెట్టాలి. దొంగచావులు పట్టుకోవడానికి పెట్టిన నిబంధన. చెడ్డదేమీ కాదు.

ముందుగా చూసి రమ్మని నన్ను పంపారు. పెట్రోలు దొరకని రోజులు. బస్సు బొగ్గు గ్యాసుతో నడిచేది, ఎత్తు వస్తే మేమే దిగి తోసేవాళ్ళం. పుంగనూరు చేరి ఇల్లు వెతికితే, తలుపుకు తాళం, వాకిలికి అడ్డంగా ముళ్ళకంప. పక్కింటావిడను అడిగితే ఊళ్ళో లేరంది. ఎక్కడికి పోయారంటే, తెలియదని లోపలికి పోయింది. ఎదురింటాయన ఆ ఇంటివైపు చూడకుండానే తల అడ్డంగా ఆడించాడు. వీధి వీధంతా అంతే.

నా స్థానంలో మీరున్నా అనుమానించేవాళ్ళే. కుప్పం దాకా పోతే రైలు దొరుకుతుంది, రైలెక్కితే కోలారు గనులు, బెంగుళూరు, చచ్చాడనిపించుకున్న మనిషి ఎక్కడైనా కలిసిపోవచ్చు. కానీ ఒక వీధి మొత్తం అబద్ధమాడుతోందంటే దాని వెనక దొంగతనం కాక ఇంకేదో ఉంటుందని నాకు తోచింది. దొంగతనానికి అంత ఐకమత్యం ఉండదు.

ఊరి చివర ఒక గుంటమగ్గం మీద బీరప్ప అనే ముసలి నేతగాడు దొరికాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

“లెవీ వడ్లు వసూలు సేసే ఆఫీసరువా?”

“కాదు. బీమా. మనిషి పోతే ఇంట్లోవాళ్ళకు డబ్బులిచ్చే కంపెనీ.”

“పోతే ఇచ్చేటోళ్ళు. పోయినాడా లేదా అని సూసేదానికి వచ్చినావా?”

“అవును.”

“పోయినాడప్పా. నేనే మోసినా. మంచి నచ్చత్రంలో పోలేదంట, ఆరు నెల్లు ఇల్లు మూయమన్నాడు అయ్యవారు. ఆయప్ప పెండ్లాం గంగులమ్మ పిల్లోల్ని ఏసుకోని కుప్పంలో అన్న కాడికి పోయిండాది. ఆ మాట ఆ వీధిలో ఎవురూ చెప్పరు. చెప్పినోళ్ళింటికి తగులుతాదని బయం.”

“నీకు భయం లేదా?”

“నాకేముండాది తగిలేదానికి? ఉన్ని అయిపోవచ్చింది. గొర్రెల బొచ్చు కత్తిరించేలోగా ఆయమ్మ రాకపోతే, నేనూ కాంట్రాక్టరు కాడ వేలిముద్ర ఎయ్యాల్సిందే.”

జవానుకు పెళ్ళాం బిడ్డలు లేరా

మదనపల్లెకు తిరిగి వచ్చి, మోసం లేదు, మూఢాచారం ఉంది, కుప్పం పోయి అక్కడే విచారణ చేసుకొస్తానని మేనేజరుకు చెప్పాను. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

“ఏ నక్షత్రం?”

తెలియదన్నాను. పంచాంగం తీశారు. ఆయన రాహుకాలంలో క్లెయిము కాగితం ముట్టరని ఆఫీసులో అందరికీ తెలుసు. పోయిన రోజు చూసి, నిట్టూర్చి, “ఆరు నెల్లే. కరెక్టుగానే చెప్పినాడు పురోహితుడు” అన్నారు. ఆ వెంటనే గుమాస్తాను పిలిచి నోటీసు రాయించారు. రాబోయే అమావాస్య లోపల ఫలానా రోజున హక్కుదారు ఆ ఇంట్లో హాజరు కావాలి. కాకపోతే క్లెయిము వదులుకున్నట్టు. కుప్పంలో విచారణకు నిబంధన ఒప్పుకోదన్నారు.

నేను నోటీసు తీసుకొని లేస్తుంటే మెల్లగా అన్నారు: “గోడకు కాదప్పా, తలుపుకే అంటించాల. నువ్వు అంటించొద్దు. జవాను చేత చేయించు. పెళ్ళాం బిడ్డలు ఉండేవాడివి.”

జవానుకు పెళ్ళాం బిడ్డలు లేరా అని నేను అడిగాను. ఆయన పంచాంగం మూసి సొరుగులో పెట్టారు.

కుర్రవాళ్ళారా, ఇక్కడ కొంచెం ఆగండి. ఆ మనిషి మోసగాడని తేల్చేస్తే సులువు. కానీ ఆయన నా మీద చూపిన దయ నిజమైనదే. ఆ నక్షత్రాన్ని ఆయన మనసారా నమ్మారు. నమ్మారు కాబట్టే, ఆ తలుపు మీది కాగితాన్ని ఆ వీధిలో ఎవరూ ముట్టరని, ఆ ఆడమనిషి గడువులోగా గడప తొక్కదని ఆయనకు లెక్క తెలుసు. మూఢనమ్మకం తెలివితక్కువవాళ్ళ జబ్బు అని నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. ఆ రోజు నుంచి ఆ మాట మానేశాను. ఒక నమ్మకం ఎదురైనప్పుడు అది నిజమా అబద్ధమా అని అడగండి. అక్కడితో ఆగకండి. దానివల్ల ఎవరి పెట్టెలో డబ్బు కదలకుండా ఉంటోందో కూడా అడగండి.

కుప్పం

నోటీసు నేనే అంటించి, వెనువెంటనే కుప్పం పోయాను. గంగులమ్మ అన్న ఇల్లు రైలుకట్టకు దగ్గర. కానీ ఆమె ఆ ఇంట్లో లేదు. ఇంటి వెనక చింతపండు నిలవచేసే కొట్టంలో ఒక మూల పిల్లలిద్దరితో ఉంది. చెల్లెలి వెంట ఆ నక్షత్రం కూడా వచ్చిందేమోనని అన్నకు భయం. అన్నం మాత్రం వేళకు పంపేవాడు.

నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడికి నక్షత్రం ఏమిటి, జ్వరం వస్తే ఏ రోజైనా చస్తారు, ఆరు నెలలని ఎవరు కొలిచారు అని ఆమెను గట్టిగానే దులిపాను. అంతా విని ఆమె అంది:

“ఆరు నెల్లు ఎవురు కొల్సినారో నాకు తెల్దప్పా. రెండేండ్లు నిండలేదని మీ కంపెనీవోళ్ళు అంటాండారంట. అది ఎవురు కొల్సినారు?”

రెండేళ్ళ నిబంధనకు నా దగ్గర సమాధానం ఉంది. జబ్బు దాచి చేరేవాళ్ళను ఆపడానికి అని చెప్పాను. కదిరెప్పకు జబ్బు లేదు కదా అంది. లేదన్నాను. మరి యాల ఆపినారంది. ఆ ప్రశ్నకు జవాబు మద్రాసులో ఉండాలి, లేదా ఆ మిల్లులో ఉండాలి.

నోటీసు సంగతి చెప్పాను. ఆ రోజు ఆ ఇంట్లో లేకపోతే అంతా పోతుందని, మేనేజరు స్వయంగా వస్తాడని చెప్పాను. అయ్యవారు చెప్పిన ఆరు నెలల్లో సగం ఇంకా మిగిలే ఉంది. గడప తొక్కితే పిల్లలకు ఏమవుతుందో అని వాళ్ళవైపు చూసింది. నేను మళ్ళీ ఉపన్యాసం మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు నమ్మవు. సరే. మీ మేనేజరు నమ్ముతాడా?”

“నమ్ముతాడు. నీకన్నా ఎక్కువ.”

రైలు ఒకటి పోయింది. కొట్టం కప్పు అదిరింది.

“నేను లోపల కూసోనుంటే, అంత నమ్మేటోడు ఆ వాకిట్లో ఎంతసేపు నిలబడతాడు?” అంది. ఆ తర్వాత అంది: “పిల్లోల్ని ఈడే వదిలేసి వస్తా. తగిలేది ఉంటే నాకే తగలనీ.”

అన్న ఒప్పుకోలేదు. పోతే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కొద్దన్నాడు. ఆమె సరేనంది.

నేను మూఢాచారాలను ఎదిరించిన సభలు లెక్కలేనన్ని. నాకు నమ్మకం లేదు కాబట్టి ఆ ఎదిరింపుకు నా చేతి ఖర్చేమీ లేదు. నమ్ముతూ, వణుకుతూ, అయినా ఎదురు పోయే మనిషిని అప్పుడే చూశాను.

వీధిలో విచారణ

ఆ రోజు శేషగిరి గారు జట్కాలో పుంగనూరు వీధి మొదట్లో దిగారు. మంచి హుషారుగా ఉన్నారు. మూసిన తలుపును దూరం నుంచి చూసి, హక్కుదారు లేరని రాసుకొని, మధ్యాహ్న భోజనానికి తిరిగి పోవాలని వచ్చిన మనిషి. కంప పక్కకు లాగి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల, కదిరెప్ప కూర్చునే ఉన్ని మూట మీద గంగులమ్మ కూర్చొని ఉంది.

ఆయన వాకిలి ముందరి మురుగు మోరీ అవతలే ఆగిపోయారు. ఆమెను బయటికి రమ్మనమని నాతో అన్నారు. ఆమె విని లోపలినుంచే చెప్పింది.

“బయటికి రాను సామీ. ఇంట్లో ఉండాలని మీరే రాయించినారంట. ఇంట్లోనే ఉండా. మీరే లోపలికి రండి.”

నన్ను లోపలికి పోయి అడిగి రమ్మన్నారు. నిబంధన ప్రకారం మేనేజరే చూడాలి కదండీ అన్నాను. అప్పటికి వీధిలోవాళ్ళు తమ తమ వాకిళ్ళలో నిలబడి చూస్తున్నారు. బీరప్ప మాత్రం దగ్గరికి వచ్చాడు.

“ఎండలో యాల నిలబడుకుంటారు సామీ, లోపల సల్లగా ఉండాది.”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. శేషగిరి గారు మోరీ దాటి ఒక అడుగు వేశారు. గడప మీద ఆయన చూపు నిలిచింది. ఆ అడుగు వెనక్కి తీసుకున్నారు. భర్త పేరేమిటి, ఎన్నాళ్ళు జ్వరం, ఏ వైద్యుడు చూశాడు అని అక్కడినుంచే అరిచి అడిగారు. ఆమె మెల్లగా, ఉన్న గొంతుతో జవాబు చెప్పింది. వినపడలేదన్నారు. దగ్గరికి రమ్మంది. ఇంకోసారి వినపడలేదనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

‘హక్కుదారు నివాసంలో హాజరైనారు, మరణం నిర్ధారణ అయింది’ అని జట్కా పలక మీద పెట్టి సంతకం చేశారు. ఇంటికి పోయి తలస్నానం చేశారని తర్వాత తెలిసింది.

సంతకం పడ్డాక మద్రాసు కూడా ఏమీ చేయలేకపోయింది. సాకులు చెప్పి కొంత ఆలస్యం చేసింది, అంతే. బొచ్చు కత్తిరింపులు మొదలైన వారంలో డబ్బు వచ్చింది. శేషగిరి గారు ఆ తర్వాత పెద్ద ఊరికి పెద్ద ఉద్యోగం మీద వెళ్ళారు. ఉపన్యాసం మాత్రం అదే చెబుతున్నారని విన్నాను.

ఇప్పుడు బీమా ప్రభుత్వం చేతిలో ఉంది, డైరెక్టర్ల మిల్లులు లేవు అని మీరంటారు. మంచిదే. అయినా అనుమానం మానకండి. డబ్బు ఎక్కడ పోగుపడుతుందో అక్కడ దాన్ని ఆపడానికి నిబంధనలు మొలుస్తాయి. ఎవరు రాశారు, ఎవరికి అడ్డం పెడుతున్నారు అని ప్రతిదాన్నీ అడగండి. కంపెనీ ఎంత వసూలు చేసిందో చూసి దేశం నిలకడగా ఉందనుకోకండి. ఒక మనిషి పోయాక అతని మీద ఆధారపడిన పని ఆగిందా, సాగిందా అన్నది చూడండి. ఆ కొలత ఒక్కటే నాకు తెలుసు.

ఉన్ని

చివరగా నేను కళ్ళతో చూసినది చెబుతాను. డబ్బు అందిందో లేదో చూసి రావడానికి పుంగనూరు పోయాను. ఆ డబ్బుతో కొన్న ఉన్ని కురబలకోట నుంచి వచ్చి ఇంటినిండా పడి ఉంది. తెచ్చిన కాపరులు పొరుగూరివాళ్ళు, వాళ్ళకు ఈ నక్షత్రం గొడవ తెలియదు. నేతగాళ్ళకు తెలుసు. వాళ్ళు వచ్చి వీధిలో నిలబడ్డారు. ఉన్ని బయటికి తెచ్చి ఇవ్వమని ఆమెను బతిమాలుతున్నారు. ఆరు నెలలు ఇంకా నిండలేదు.

కాంట్రాక్టరు బండి వీధి చివర ఉన్ని మూటలతో నిలబడి ఉంది. బండి మనిషి చుట్ట కాలుస్తూ, తొందరేమీ లేనట్టు చూస్తున్నాడు.

గంగులమ్మ గడప లోపల తక్కెడ పట్టుకొని నిలబడింది. పిల్లలు ఇంకా కుప్పంలోనే ఉన్నారు.

“వీధిలో ఇస్తే ఇది ఎప్పటికీ చెడ్డిల్లుగానే ఉండిపోతాది. కావాల్సినోళ్ళు లోపలికొచ్చి తూకం ఏయించుకోండి. ఇన్నాళ్ళుగా నేను ఈడనే పండుకుంటాండా. నాకేమైనా అయ్యిండాదా, సూడండి.”

ఎవరూ కదలలేదు. ఒకరిద్దరు బండివైపు చూశారు. ఆ బండి దగ్గరికి పోవడానికి ఏ గడపా దాటనవసరం లేదు, వేలిముద్ర వేస్తే చాలు.

బీరప్ప కొంతసేపు అటూ ఇటూ చూశాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. కొంచెం వంగి, కళ్ళు మూసుకొని గడప దాటాడు. లోపల తక్కెడ గొలుసు మోగింది. అతను ఉన్ని మూట తలమీద పెట్టుకొని బయటికి వచ్చాడు.

“తొందరగా పోండప్పా,” అన్నాడు వాళ్ళతో, “మంచి ఉన్ని అయిపోతాది.”

ఆ తర్వాత వాకిట్లో తోపులాట మొదలైంది.